జానెడు బొంత ఎవరికి కప్పాలి?

ఇద్దరూ బొంతలు కుట్టేవాళ్ళే. వదిన పాత చీరలు పొరలుగా పరిచి చేత్తో కుడుతుంది. తల్లి దగ్గర నేర్చిన విద్య అది. మరదలు మిషన్ మీద చిన్న చిన్న క్విల్టులు కుడుతుంది. మిషన్ పళ్ళు దించేసి, గుడ్డను తన చేతులతోనే నాలుగు వైపులా కదుపుతూ, కాగితం మీద బొమ్మ గీసుకున్నంత స్వేచ్ఛగా కుట్టే ఫ్రీ మోషన్ పద్ధతి ఆమెకు ప్రాణం. వదిన దృష్టిలో అది చేతిపని కాదు, మరదలి దృష్టిలో అంతకు మించిన చేతిపని లేదు. వాళ్ళ వాదన ఇది.

వదిన: ముందు ఇది చెప్పు. 12 అంగుళాల బొంత ఎవరికి కప్పుతావు? చంటిపిల్లకి కూడా చాలదు. మన ఇళ్ళల్లో బొంత ఒంటికి కప్పుకోవడానికో, నేల మీద పరుచుకోవడానికో పుట్టింది. చలి ఆపలేనిది, మనిషిని పడుకోబెట్టలేనిది, దానికి ఇంత దారం, ఇంత పొద్దు ఎందుకు పొయ్యాలి?

మరదలు: ఎవరికీ కప్పను వదినా. కొన్ని గోడకి తగిలిస్తాను, కొన్ని టీ కప్పుల కిందకి పోతాయి, కొన్ని పిల్లల బొమ్మలకి దుప్పట్లవుతాయి. చాలావాటికి ఆ పని కూడా ఉండదు. అవి నేను నేర్చుకునే చోటు. పెద్ద బొంతలో ఉన్న ప్రతి పనీ అందులో ఉంది. పైన ముక్కలు అతకాలి, మధ్యలో దూది పొర వెయ్యాలి, అడుగున అస్తరు పరవాలి. మూడూ జరక్కుండా అరచెయ్యంత ఎడంలో పిన్నీసులు పెట్టాలి. కుట్టాక అంచులు సమంగా కత్తిరించాలి, చుట్టూ పట్టీ వెయ్యాలి, నాలుగు మూలల్లోనూ ఉబ్బు రాకుండా పట్టీని మడిచి తిప్పాలి. ఏడాదికి ఒక పెద్ద బొంత కుట్టేవాళ్ళకి మూల తిప్పే అవకాశం ఏడాదికి నాలుగు సార్లే. వారానికొక చిన్నది కుట్టేవాళ్ళకి అది వారానికి నాలుగు సార్లు వస్తుంది.

వదిన: నేర్చుకోవడం మంచిదే. కానీ నేర్చుకోవడమే పని అయిపోతే, చేసింది ఎక్కడికీ చేరకుండా బీరువాలో పేరుకుంటే?

మరదలు: సరళీ స్వరాలు పాడుకునే పిల్లని, ఇది ఎవరు వింటారు అని మనం అడగం కదా. వింటే మంచిదే, వినకపోయినా ఆ సాధన వృథా కాదు. అయినా చిన్నది ఎక్కడికీ చేరదని ఎందుకనుకుంటావు? అమెరికాలో ఎమీ సిమ్స్ అని ఒక క్విల్ట్ కళాకారిణి ఉంది. తల్లికి ఆల్జీమర్స్ వచ్చాక, ఆ జబ్బు మీద పరిశోధనకి డబ్బు పోగు చెయ్యాలని 2006లో ఒక సంస్థ మొదలుపెట్టింది. క్విల్టర్లని అడిగింది చిన్న క్విల్టులే. 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు మించకూడదు, పోస్టు కవర్లో పట్టాలి. ఎక్కడెక్కడి వాళ్ళో కుట్టి పంపారు. అవి వేలం వేసి, అమ్మి, కొన్నేళ్ళలో పది లక్షల డాలర్ల పైన పోగు చేశారు. పెద్ద క్విల్టులే అడిగి ఉంటే ఎంతమంది ఇవ్వగలిగేవాళ్ళు? చిన్నది గనకే ఒక్కొక్కరూ ఇవ్వగలిగారు, ఒకటికి రెండు ఇవ్వగలిగారు.

వదిన: అది పనికొచ్చిందని ఒప్పుకుంటున్నాను, ఎవరికీ కప్పకుండానే. సరే, చిన్నదన్న మాట పక్కన పెడతాను. మిషన్ సంగతి మాత్రం వదలను. నేను చేత్తో కుట్టేటప్పుడు సూది దిగిన సంగతి, లేచిన సంగతి ప్రతిసారీ నా వేళ్ళకి తెలుస్తుంది. సూది ఎన్ని పొరలు పట్టిందో, అడుగు చీర ఎక్కడ ముడత పడిందో కింద పెట్టిన ఎడమ చెయ్యి చెబుతుంది. నీ మిషన్‌కి మోటారుంది, పళ్ళున్నాయి, గుడ్డని అదే లాక్కుపోతుంది. నువ్వు పక్కన కూర్చుని దారి చూపిస్తావు. కుట్టేది నువ్వు కాదు.

మరదలు: మామూలు కుట్టుకి నువ్వన్నది నిజం. జాకెట్టు పక్క కుట్టు వేసేటప్పుడు ప్లేటు కింద నుంచి లేచే పళ్ళే గుడ్డని వెనక్కి జరుపుతాయి. కుట్టుకి ఎంత జరపాలో మిషన్ మీద మనం పెట్టిన నంబరే తేలుస్తుంది. ఫ్రీ మోషన్‌లో ఆ పళ్ళని దించేస్తాం. కొన్ని మిషన్లకి అందుకొక మీట ఉంటుంది. లేని వాటికి పళ్ళని కప్పేలా పైన వేరే ప్లేటు బిగిస్తారు. ఇక గుడ్డని కదిపే దిక్కు లేదు. సూది ఉన్నచోటే పైకీ కిందకీ ఆడుతుంది. నా చేతులు కదిలితేనే గీత పడుతుంది. ఆగితే ఒకే రంధ్రంలో కుట్టు మీద కుట్టు పడి ముడి కడుతుంది.

కుట్టు పొడవు కూడా చేతిదే. సూది నిమిషానికి 600 సార్లు దిగుతోందనుకో, అంటే సెకనుకి 10. నా చేతులు సెకనుకి ఒక అంగుళం కదిలితే అంగుళానికి 10 కుట్లు పడతాయి. రెండంగుళాలు కదిలితే 5 పడతాయి. అర అంగుళమే కదిలితే 20. పాదానిది ఒక వేగం, చేతులది ఒక వేగం. ఆ రెండూ కుదరకపోతే ఒకచోట సన్న కుట్లు, ఒకచోట బారు కుట్లు. మిషన్ చేసేదల్లా సూది దించడం, అడుగు దారంతో పై దారాన్ని మెలివెయ్యడం. మిగతాదంతా మనిషి చేతికి తిరిగి వచ్చింది.

వదిన: మాటల్లో బాగానే ఉంది. ఒక గీత మొదలు నుంచి చివరి దాకా ఎలా కుడతావో చెప్పు. అప్పుడు నమ్ముతాను.

మరదలు: 14 నంబరు సూది పెడతాను. పైనా కిందా ఒకే రకం సన్న నూలు దారం. ఫుట్ మామూలుది కాదు, డార్నింగ్ ఫుట్. దాని చివర చిన్న రింగు ఉంటుంది. సూదితోపాటే లేచి దిగుతుంది. దిగినప్పుడు గుడ్డని పట్టి ఉంచుతుంది, లేచినప్పుడు కదలనిస్తుంది. గుడ్డ కింద పెట్టాక వెనకాల ఉన్న మీట దించాలి. ఈ ఫుట్ గుడ్డని గట్టిగా నొక్కదు కాబట్టి, మీట దించినా దించకపోయినా పైకి పెద్ద తేడా కనిపించదు. కానీ మీట దిగితేనే టెన్షన్ బిళ్ళలు దారాన్ని పట్టుకుంటాయి. దించకుండా కుడితే అడుగున దారమంతా ఉండ కడుతుంది.

తర్వాత చక్రం చేత్తో ఒక్కసారి తిప్పి సూదిని దించి లేపుతాను. పై దారం మెల్లగా లాగితే బాబిన్ దారం ఆ రంధ్రంలోంచే పైకి వస్తుంది. రెండు దారాలూ వేళ్ళ మధ్య పట్టుకుని అక్కడే రెండు మూడు చిన్న కుట్లు వేసి, కొసలు కత్తిరిస్తాను. లేకపోతే ఆ కొసలు లోపలికి పోయి వెనకవైపు చిక్కుపడతాయి. ఇప్పుడు రెండు అరచేతులూ సూదికి అటూ ఇటూ గుడ్డ మీద ఆనించి, భుజాలు వదులు చేసి, పాదం నొక్కుతాను. కొత్తవాళ్ళు మెల్లగా కుడితే బాగా వస్తుందనుకుంటారు. మరీ మెల్లగా పోతే చెయ్యి తడబడిన ప్రతిచోటూ గీతలో కనిపిస్తుంది. కాస్త వేగం ఉండాలి, ఆ వేగం మారకుండా ఉండాలి. కన్ను సూది మీద పెట్టను. సూది వెళ్ళబోయే చోట, అర అంగుళం ముందు పెడతాను. గుడ్డని లాగను, జరుపుతాను. లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది.

చేతులు తొందరపడేది వంపుల దగ్గర. కుట్టడం అయ్యాక వెనక్కి తిప్పి చూస్తే అది పట్టుబడుతుంది. వంపులో గుడ్డ సూదిని మించి పరిగెత్తితే, పై దారం అడుగుకి జారి, వంపు పొడుగునా వెనకవైపు సన్న ఉచ్చులు నిలబడతాయి. పై టెన్షన్ మరీ వదులైతే అడుగు దారం తిన్నగా పడుకుని, వేలితో గీరితే ఊడి వస్తుంది. మరీ బిగువైతే బాబిన్ దారం చుక్కలు చుక్కలుగా పైన కనిపిస్తుంది. నీ ఎడమ చెయ్యి కుడుతుండగా చెప్పేదాన్ని, నాకు ఆ వెనకవైపు కుట్టిన తర్వాత చెబుతుంది.

వదిన: తర్వాత చెబుతుంది! తేడా అంతా ఆ మాటలోనే ఉంది. సెకనుకి 10 కుట్లు వేసేదానికి తప్పు జరుగుతున్నప్పుడు దిద్దుకునే వ్యవధి ఎక్కడిది? నా నిదానంలో ఆలోచనకి చోటుంది. ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపూర్, హళియాళ్, ముండగోడు చుట్టుపక్కల సిద్దీలు ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. ఆ స్త్రీలు కుట్టే బొంతల్ని కవంది అంటారు. అడుగున చీర పరిచి, పాత బట్టల ముక్కలు ఒక్కొక్కటీ అంచు లోపలికి మడిచి పెడుతూ, బయటి అంచు దగ్గర మొదలుపెట్టి చుట్లు తిరుగుతూ లోపలికి వస్తారు. కుట్టు కూడా ఆ దారినే నడిచి మధ్యలో ముగుస్తుంది. మూలల్లో గుడ్డని ముక్కోణంగా మడిచి పువ్వులు కుడతారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు. ముందుగా ఏ గీతా గీసుకోరు. పక్కన ఏ రంగు ముక్క పడాలో అక్కడికి చేరాకే తేలుతుంది. ఆ తీరిక లేకపోతే అలాంటి బొంత పుట్టదు.

మరదలు: ముందు గీసుకోకుండా కుట్టడమే నాకు కావలసింది కూడా. తేడా ఒక్కటే. వాళ్ళు కుడుతూ ఆలోచిస్తారు, నేను కుట్టడానికి కూర్చోకముందే ఆలోచిస్తాను. కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా అదే గీత మళ్ళీ మళ్ళీ గీస్తాను. చేతికి దారి తెలిశాకే మిషన్ దగ్గరికి పోతాను. మెలికల గీత ఉందనుకో, దాని నియమం తనని తాను ఎక్కడా దాటకూడదు, మూలలో ఇరుక్కోకూడదు. కుడుతున్నంతసేపూ బయటికి పోయే దారి చూసుకుంటూనే ఉండాలి. గులకరాళ్ళ నమూనాలో ప్రతి రాయీ గుండ్రంగా మూసుకోవాలి. పక్క రాయికి పోవాలంటే ముందు రాయి అంచు మీదే మళ్ళీ కుట్టుకుంటూ పోవాలి. ఆకు కుట్టాలంటే మొదలు నుంచి కొసకి ఒక వంపు, కొస నుంచి మొదలుకి ఇంకో వంపు, తర్వాత ఈనె. ఒక్కొక్క నమూనా ఒక్కొక్క చిన్న క్విల్ట్ మీద నేర్చుకుంటాను. అది చెడినా పోయేది రెండు జానెడు ముక్కలు. పెద్దదాని మీద ప్రయోగం చేసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

వదిన: ధైర్యం అన్నావు కాబట్టి అడుగుతున్నాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వాడి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు ముక్కలు చేసి క్విల్టులు కుట్టారు. చలి గాలి చొరబడే ఇళ్ళల్లో పిల్లలకి కప్పడానికి కుట్టారు. వాటిని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియానికి వెళ్ళాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో స్టాంపులు వేసింది. అంత కొత్తదనం వాటికి ఎక్కడి నుంచి వచ్చింది? రంగుకి సరిపోయే ముక్క దొరక్కపోతే వేరే రంగు పెట్టారు. పొడవు చాలకపోతే అడ్డంగా అతికారు. అవసరమే వాళ్ళ చేత ప్రయోగం చేయించింది. నీకు అవసరం లేదు. కొత్త గుడ్డ కొని, దాన్ని ముక్కలు చేసి, మళ్ళీ అతుకుతావు. అది నాకు తలకిందులు వ్యవహారం.

మరదలు: ఇది నువ్వు అన్నవాటిలో బరువైన మాట. వాళ్ళకున్న కొరత నాకు లేదు. లేనిదాన్ని ఉన్నట్టు నటించలేను. కానీ నేనూ ఒక హద్దు పెట్టుకుంటాను. ఒకే కొలత, ఒకే దారం, ఒకే నమూనా. ఆ గిరిలో నిలబడి ఏం చెయ్యగలనో చూస్తాను. గుడ్డ సంగతికొస్తే, కొత్తది కొని ముక్కలు చెయ్యక్కర్లేదు. జాకెట్లు కుట్టే దర్జీ కత్తెర కింద రోజూ పడే ముక్కలు చాలు. మంగళగిరి, పోచంపల్లి నేత ముక్కలు ఎన్ని పోతాయో నీకూ తెలుసు. వాటిని ముందు ఉతకాలి, లేకపోతే ముదురు ఎరుపూ నీలమూ తర్వాత పక్క ముక్కకి కారతాయి. ఆరాక గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యాలి. చేనేత మెత్తన, సూది కింద సాగుతుంది, గంజి దాన్ని నిలబెడుతుంది. జరీ అంచు మాత్రం పక్కన పెడతాను. జరీ మీద నడిస్తే సూది మొన త్వరగా మొండిబారుతుంది.

వదిన: మరి పాత చీరలు? ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ఒంటికి తగిలితే ఆ సుఖమే వేరు. చంటిపిల్ల పొత్తిళ్ళకి కొత్త గుడ్డ వాడం, ఆ మెత్తదనం కోసమే కదా. దాని మీద నీ మిషన్ నడిపితే?

మరదలు: అక్కడ నీదే పైచెయ్యి. అరిగిన గుడ్డ మీద అంగుళానికి 10 కుట్లు దట్టంగా పడితే, సూది రంధ్రాల వరసే చిరుగుకి దారి అవుతుంది. బారుగా, వదులుగా పడే చేతికుట్టే దానికి తగింది. అమ్మ చీరతో బొంత కుట్టాలంటే నేను నీ దగ్గరికే తెస్తాను.

వదిన: ఇంకొకటి. నువ్వు కుట్టిన గులకరాళ్ళ ముక్క చేత్తో పట్టుకుని చూశాను. అట్ట ముక్క పట్టుకున్నట్టే ఉంది. పైన ఒక దారం, కింద ఒక దారం, కుట్టు మీద కుట్టు. అది ఒంటి మీద ఒరిగే గుడ్డ కాదు.

మరదలు: గోడకి కట్టేదానికి ఆ బిరుసు కావాలి, వాలిపోకుండా నిలబడుతుంది. కప్పుకునేదానికైతే కుట్టు పలచగా వెయ్యాలి, దారం సన్నది పెట్టాలి. ఎక్కడ దట్టం, ఎక్కడ పలచన అన్నది కూడా నేర్చుకోవలసిన సంగతే. పూర్వం ఏకిన దూది నింపిన రజాయికి కుట్టు దగ్గర దగ్గరగా పడకపోతే, ఉతుకులో దూది ఒక మూలకి చేరేది. ఇప్పుడు దూది పొరని సూదులతో పొడిచి కదలకుండా చేసి అమ్ముతున్నారు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం వదలొచ్చో ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. దట్టంగా కుట్టి తీరాలన్న బలవంతం ఇప్పుడు లేదు. ఎక్కువ కుట్టిన చోటు అణుగుతుంది, తక్కువ కుట్టిన చోటు పొంగుతుంది. బొమ్మ పైకి లేవాలంటే బొమ్మ మీద కుట్టకూడదు, దాని చుట్టూ కుట్టాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు. రెండు ముక్కలు రెండు రకాలుగా కుట్టి పక్కపక్కన పెట్టి, వేళ్ళతో తడిమితే వస్తుంది.

వదిన: తడిమి నేర్చుకోవడం నాకు నచ్చింది. అయినా మిషన్‌తో కుట్టినదాన్ని చేతిపనితో సమానంగా చూడమంటే నా మనసు ఒప్పదు.

మరదలు: ఒప్పనివాళ్ళు నీకంటే ముందూ ఉన్నారు. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో, అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ పోటీలో కారల్ బ్రయర్ ఫాలర్ట్ క్విల్టుకి అన్నిటికంటే పెద్ద బహుమతి వచ్చింది. సూర్యగ్రహణం దాని వస్తువు. మిషన్‌తో క్విల్టింగ్ చేసినదానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. చేతికుట్టు లేనిదానికి ఎలా ఇస్తారని చాలామంది కోపగించుకున్నారు. ఆ క్విల్ట్ ఇప్పుడు అదే ఊళ్ళో, నేషనల్ క్విల్ట్ మ్యూజియంలో ఉంది. ఇంకా వెనక్కి పోతే, హ్యారియట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. 1880లలో బైబిలు కథలతో ఆమె కుట్టిన క్విల్ట్ ఈనాడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అందులో చేతికుట్టూ ఉంది, మిషన్ కుట్టూ ఉంది. ఆమె ఆ రెండిటి మధ్య గోడ కట్టలేదు.

వదిన: ఆ క్విల్ట్ ఎలా చెయ్యి మారిందో కూడా చెప్పు. ఒకసారి అమ్మనని చెప్పింది, తర్వాత ఇల్లు గడవక 5 డాలర్లకి ఇచ్చేసింది. ఆ బొమ్మల అర్థం కొన్నావిడకి విడమరిచి చెప్పి మరీ ఇచ్చింది. ఆ క్విల్ట్ నిలిచింది ఆ కథల వల్ల, ఆ మనిషి చూపు వల్ల. మిషన్ వల్ల కాదు.

మరదలు: నేనూ అదే అంటున్నాను! మిషన్ వల్ల నిలవలేదు, మిషన్ ఉన్నందువల్ల తగ్గనూ లేదు. చూపు మనిషిదైతే కుట్టు ఏ పనిముట్టుతో పడినా ఆ మనిషిదే. ఇదేమీ కంప్యూటర్ వచ్చాక పుట్టిన సంగతీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే సింగర్ కంపెనీ కాలితో తొక్కే మిషన్ మీద పువ్వులూ తీగలూ ఎలా కుట్టాలో పుస్తకం వేసింది. మన ఊళ్ళల్లో కుట్టు శిక్షణ కేంద్రాల్లో ఆడపిల్లలు చెక్క రింగులో గుడ్డ బిగించి, ఫుట్ ఊడదీసి, తొక్కుడు మిషన్ మీదే ఎంబ్రాయిడరీ నేర్చుకున్నారు. అదీ ఫ్రీ మోషనే. వాళ్ళ పాదాల్లో ఎంత లయ ఉండేదో నువ్వు చూసే ఉంటావు.

వదిన: చూశాను. దాన్ని కాదనను. కానీ నాకు ఇంకో బెంగ ఉంది. బొంత చుట్టూ నలుగురం కూర్చునేవాళ్ళం. నాలుగు అంచులూ నలుగురం పట్టేవాళ్ళం. పిల్లలు పక్కనే కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చేవాళ్ళు, అలా ఇస్తూనే పని నేర్చుకునేవాళ్ళు. మిషన్ దగ్గర ఒక్కరికే చోటు. దాని చప్పుడులో మాట కూడా వినపడదు.

మరదలు: ఆ లోటు నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. నలుగురికీ ఒకేసారి తీరిక దొరికే ఇళ్ళు ఇప్పుడు తక్కువ. ఉద్యోగం నుంచి వచ్చి, వంట చేసి, పిల్లల చదువు చూసి, ఆ మిగిలిన గంటలో కుట్టాలనుకునే ఆడదానికి పెద్ద బొంత భయం పుట్టిస్తుంది. మొదలుపెడితే ఎప్పటికి తేలుతుందో తెలియదు. చిన్నదైతే ఈ వారం మొదలుపెట్టి ఈ వారమే అంచు పట్టీ వేసి ముగించగలదు. ముగించానన్న తృప్తి ఆమెను మళ్ళీ మిషన్ దగ్గరికి తెస్తుంది. సగంలో ఆగిన పెద్ద బొంత అటక ఎక్కుతుంది.

వదిన: ముగించడం ముఖ్యమన్నావు, బాగుంది. కానీ చిన్నదాంట్లో నేర్చింది పెద్దదానికి పనికొస్తుందా? పెద్ద బొంతకి బరువుంటుంది. నీ మిషన్ చెయ్యి కింద ఉన్న జాగా ఎంత? అందులో అంత గుడ్డ చుట్టి తోస్తుంటే, బరువు కిందకి లాగుతుంటే, నీ సెకనుకి అంగుళం లెక్క నిలుస్తుందా?

మరదలు: ఊరికే నిలవదు. బరువు వేలాడకుండా మిషన్ పక్కన, వెనక బల్లలు వేసి ఎత్తు సమం చెయ్యాలి. మధ్యలో మొదలుపెట్టి అంచులకి పోవాలి. అప్పుడు ముడత ఉంటే బయటికి జరుగుతుంది. ఒకసారికి రెండు చేతుల మధ్య పట్టినంత మేరే కుట్టి, ఆగి, సూది గుడ్డలో దించి ఉంచి, చేతులు జరుపుకుని మళ్ళీ కుట్టాలి. ఆ చేతుల మధ్య మేర ఎంత? రమారమి నా చిన్న క్విల్ట్ అంత. పెద్ద బొంత అయినా కుట్టేది ఆ జానెడు జానెడుగానే. ఇంకో దారీ ఉంది. చిన్నవి విడివిడిగా కుట్టి ముగించి, తర్వాత వాటినే పట్టీలతో కలిపి పెద్ద బొంత చెయ్యొచ్చు. 12 అంగుళాలవి వరసకి నాలుగు చొప్పున 16 కలిపితే 48 అంగుళాల బొంత. చంటిపిల్లకి చక్కగా సరిపోతుంది.

వదిన: అయితే నా షరతులు విను. ఒకటి, ఎవరికి చూపించినా వెనకవైపు కూడా చూపించాలి. పై అందం చూసి మురిసిపోయే అలవాటు నేర్చుకునేవాళ్ళకి చెరుపు. రెండు, కుదిరిన ముక్కలు బీరువాలో పెట్టుకోకుండా కలిపి ఎవరికైనా కప్పాలి. మూడు, నీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ముందు చేత్తో ఒక బొంత కుట్టి రావాలి. ఆ తర్వాతే మిషన్.

మరదలు: మొదటి రెండూ సంతోషంగా ఒప్పుకుంటున్నాను. మూడోది ఒప్పుకోను వదినా. అవి రెండు వేరే విద్యలు. చేతికుట్టులో కుడిచెయ్యి సూది నడుపుతుంది, గుడ్డ నిలకడగా ఉంటుంది. ఇక్కడ సూది నిలకడగా ఉంటుంది, రెండు చేతులూ గుడ్డని నడుపుతాయి. చక్కగా బొమ్మలు గీసే పిల్ల చేతికుట్టు తెలియకపోయినా దీన్ని తొందరగా అందుకుంటుంది. ముందు అది వస్తేనే ఇది అని గడప కడితే, ఆ గడప దగ్గరే వెనక్కి పోయేవాళ్ళుంటారు. అంచు పట్టీ వెనకవైపు మాత్రం చేత్తోనే కుట్టమంటాను. అక్కడ చేతికుట్టంత శుభ్రంగా ఏదీ రాదు.

వదిన: మూడు పొరలు చేతి కింద ఎలా జారతాయో వేళ్ళతో ఒకసారైనా తెలుసుకోని పిల్లకి, పిన్నీసులు ఎందుకు పెట్టాలో కూడా అర్థం కాదు. చెబితే పెడుతుంది, అంతే.

మరదలు: మొదటి క్విల్ట్ వెనకవైపు ముడత చూసుకున్నాక తనే అర్థం చేసుకుంటుందని నా నమ్మకం.

వదిన: నమ్మకాలు ఎందుకు, తేల్చుకుందాం. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇద్దరిని తీసుకో. ఒకరు ముందు నా దగ్గర చేత్తో కుట్టి, తర్వాత నీ దగ్గరికి వస్తారు. ఇంకొకరు నేరుగా నీ మిషన్ ఎక్కుతారు. ఇద్దరూ చంటిపిల్ల బొంత ఒక్కొక్కటి కుట్టనీ. వెనకవైపు నేను చూస్తాను.

మరదలు: ఒప్పుకున్నాను. ఒక్క మాట కలుపుతాను. కుట్టిన రోజున చూడొద్దు. ఇద్దరివీ రెండిళ్ళకి ఇచ్చేద్దాం. పిల్లలకి కప్పనీ, రోజూ ఉతకనీ. ఏడాది తర్వాత తెప్పించి చూద్దాం. ఏ కుట్టు నిలిచిందో, ఏ అంచు విడిందో, ఏది మెత్తబడిందో ఆ రెండు బొంతలూ చెబుతాయి. తీర్పు ఎవరివైపు వచ్చినా రెండోవాళ్ళు దాన్ని తమ శిష్యులకి నేర్పాలి. అది నా షరతు.